సెల్ఫ్ మోటర్ కొనేముందు ఫ్లైవీల్ పళ్ళు లెక్కపెట్టండి

[తెరపై: లిఫ్ట్ మీద పాత పికప్. కెమెరా కింద నుంచి ఇంజన్ వెనక భాగం వైపు కదులుతుంది.]

నమస్కారం. అమెరికాలో ఉంటూ పాత కమారోనో, సీ10 పికప్‌నో కొని వారాంతాల్లో బాగుచేసుకునే మనవాళ్ళు ఎక్కువ పొరబడే చోటు ఒకటుంది. షెవ్రొలె స్మాల్ బ్లాక్ వీ8కి, అంటే ఆ బండ్లలో ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌కి, సెల్ఫ్ మోటర్ ఎంచుకోవడం.

పార్ట్స్ షాపులో "బండి ఏ సంవత్సరం, ఏ మోడల్?" అని అడుగుతారు. మనం చెబుతాం, వాళ్ళు డబ్బా తీసిస్తారు. ఈ బండ్ల వయసు దాదాపు యాభై ఏళ్ళు. ఈలోగా ఇంజన్ మారి ఉండొచ్చు, గేర్‌బాక్స్ మారి ఉండొచ్చు, ఎవరో వేరే ఫ్లైవీల్, అంటే ఇంజన్ వెనక తిరిగే పళ్ళ చక్రం, వేసి ఉండొచ్చు. సెల్ఫ్ మోటర్ జతపడాల్సింది బండి పేరుతో కాదు, బ్లాకు (ఇంజన్ ప్రధాన పోత) రంధ్రాలతో, ఫ్లైవీల్ పళ్ళతో.

[తెరపై: నేల మీద పక్కపక్కన రెండు ఫ్లైవీల్స్. టేపుతో కొలుస్తున్న చేయి.]

చూడండి. చిన్నదానికి 153 పళ్ళు, పెద్దదానికి 168 పళ్ళు. స్మాల్ బ్లాక్‌లో మామూలుగా కనిపించేవి ఈ రెండే. రింగ్ గేర్‌ని, అంటే ఫ్లైవీల్ అంచున ఉండే పళ్ళ రింగుని, డయామీటర్‌లో అంగుళానికి 12 పళ్ళ లెక్కన కోశారు. 153ని 12తో భాగిస్తే పన్నెండు ముప్పావు అంగుళాలు, 168ని భాగిస్తే సరిగ్గా 14 అంగుళాలు. అంటే మధ్య నుంచి అంచు వరకు చూస్తే రెండింటికీ తేడా 5/8 అంగుళం, దాదాపు 16 మిల్లీమీటర్లు. సెల్ఫ్ మోటర్ ముక్కు, అంటే బ్లాకుకి బిగించే ముందు పోత భాగం, తన పినియన్‌ని (రింగుని తిప్పే చిన్న పళ్ళ చక్రాన్ని) ఆ 16 మిల్లీమీటర్లు అటో ఇటో నిలబెట్టేలా తయారవుతుంది.

తప్పుది వేస్తే ఏమవుతుంది? 168 పళ్ళకి చేసిన మోటర్‌ని 153 పళ్ళ చక్రానికి పెడితే పినియన్ అందదు, గాలిలో గిర్రున తిరుగుతుంది. రెండోది ఇంకా చెడ్డది. 153 మోటర్‌ని 168 చక్రానికి పెడితే పినియన్ పళ్ళ మధ్య దూరలేక రింగు పక్కకి కొట్టుకుంటుంది. తాళం తిప్పినప్పుడల్లా టక్ టక్‌మంటుంది, ఇంజన్ కదలదు. అలా నాలుగు సార్లు తిప్పేసరికి రింగు పళ్ళ మూలలు లేచిపోతాయి. ఆ రింగు మార్చాలంటే గేర్‌బాక్స్ కిందికి దించాల్సిందే.

[తెరపై: బెల్ హౌసింగ్ కింది రేకు విప్పుతున్న దృశ్యం.]

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సెల్ఫ్ మోటర్‌కి వచ్చే లావు కేబుల్‌కి మధ్యలో ఫ్యూజ్ ఉండదు, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి.

తర్వాత కింద ఉన్న డస్ట్ కవర్ విప్పండి. ఒక పన్నుకి తెల్ల పెయింటు చుక్క పెట్టండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ముందు వైపు క్రాంక్ బోల్టుకి పొడుగు రెంచ్ వేసి మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టండి. పది పళ్ళకొక గీత పెట్టుకుంటే లెక్క తప్పదు. ఇంజన్ బయటే ఉంటే టేపుతో కొలిస్తే చాలు.

[తెరపై: బ్లాకు అడుగు భాగం, సెల్ఫ్ కూర్చునే చదును. టార్చి వెలుగు రంధ్రాల మీద పడుతుంది.]

ఇప్పుడు బ్లాకు. రెండు రంధ్రాలూ బ్లాకు వెనక అంచుకి సమాంతరంగా ఒకే గీత మీద ఉంటే అది 153 పళ్ళ మోటర్‌కి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి ఏటవాలుగా ఉంటే 168కి. మూడు రంధ్రాలున్న బ్లాకులు చాలానే ఉన్నాయి, వాటికి రెండు రకాలూ పడతాయి. ఈ ఇంజన్ 1955లో మొదట వచ్చినప్పుడు సెల్ఫ్‌ని బెల్ హౌసింగ్‌కి, అంటే ఫ్లైవీల్‌ని కప్పి ఉంచే గంట ఆకారపు తొడుగుకి, బిగించేవారు. అందుకే మరీ పాత బ్లాకు దొరికితే అడుగున ఈ రంధ్రాలే కనిపించకపోవచ్చు.

ఫ్లైవీలే మార్చాలనుకుంటే ఇంకో రెండు చూసుకోవాలి. 1986 నుంచి క్రాంక్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీల్ ఒకే ముక్కగా మారింది, క్రాంక్‌కి ఫ్లైవీల్ బిగించే బోల్టుల వరస కూడా మారింది. పాతది కొత్తదానికి పట్టదు. 14 అంగుళాల చక్రం చిన్న బెల్ హౌసింగ్‌లో పట్టదు.

[తెరపై: రెండు బోల్టులు దగ్గరగా. ఒకదాని మెడ మీద సన్నటి గీతలు.]

ఈ బోల్టుని దగ్గరగా చూడండి. మెడ మీద గరుకు గీతలున్నాయి కదా? ఆ గీతల లావు వల్లే మోటర్ తన చోట కదలకుండా కూర్చుంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు 3/8 బోల్టుకి ఆ మెడ ఉండదు. మర కలిసినా మోటర్ వెంట్రుకవాసి జరుగుతూనే ఉంటుంది, చివరికి ముక్కు పగులుతుంది. డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు ఇది కాదు. మోటర్ రెండో కొసకి బ్లాకు నుంచి వచ్చే చిన్న బ్రాకెట్ ఉంటే దాన్ని కూడా తిరిగి బిగించండి. చాలామంది పక్కన పడేస్తారు. అంత బరువు రెండు బోల్టుల మీదే వేలాడకూడదు.

[తెరపై: స్క్రూడ్రైవర్‌తో పినియన్‌ని బయటికి లాగి, రింగు పళ్ళలోకి దింపుతున్న చేయి. పక్కన వైర్ గేజ్.]

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడ. బ్యాటరీ ఇంకా కలపకుండానే పినియన్‌ని ముందుకి లాగి రింగులోకి దింపండి. పినియన్ పన్ను కొసకీ, రింగు పళ్ళ మధ్య గుంట అడుగుకీ నడుమ 0.020 అంగుళాల తీగ దూరాలి, అంటే అర మిల్లీమీటరు. ఒక్కచోట చూసి వదిలేయకండి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి, రింగు గుండ్రంలో కొంచెం తేడా ఉంటుంది.

తీగ దూరకపోతే బ్లాకుకీ మోటర్‌కీ మధ్య షిమ్, అంటే పలచటి రేకు ముక్క, పెట్టాలి. 0.015 అంగుళాల షిమ్ రెండు బోల్టుల కిందా పెడితే సందు దాదాపు 0.005 పెరుగుతుంది. సందు మరీ ఎక్కువైతే అదే షిమ్ బయటి బోల్టు (ఇంజన్ మధ్య నుంచి దూరంగా ఉన్నది) దగ్గర మాత్రమే పెట్టండి. మోటర్ వాలి పినియన్ చక్రం వైపు జరుగుతుంది, సందు దాదాపు 0.010 తగ్గుతుంది.

[తెరపై: తాళం తిప్పుతున్న చేయి. శబ్దం మాత్రమే వినిపిస్తుంది.]

బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయండి, చెవి ఇటు పెట్టండి. ఇంజన్ అందుకోకముందే, తిరుగుతున్నంతసేపూ సన్నగా కీచుమంటే సందు ఎక్కువ. ఇంజన్ అందుకున్నాక తాళం వదిలే క్షణంలో కీచుమంటే సందు తక్కువ. ఈ రెండోదాన్ని అసలు వాయిదా వేయకండి. పినియన్‌కి 9 పళ్ళు, రింగుకి 153 ఉంటే 17 రెట్లు. ఇంజన్ 800 ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు పినియన్ ఇంకా వదలకపోతే అది 13,600 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. లోపల ఒకవైపే పట్టే క్లచ్ ఉండబట్టి మోటర్ బతుకుతోంది, కానీ ఎన్నాళ్ళో బతకదు.

మన ఊళ్ళో ట్రాక్టర్ సెల్ఫ్ మార్చేవాళ్ళకీ ఇదే పద్ధతి, కొలత మాత్రం మాడ్యూల్‌లో, అంటే పన్ను సైజు చెప్పే అంకెలో, ఉంటుంది. మాడ్యూల్‌ని పళ్ళ సంఖ్యతో గుణిస్తే పళ్ళు ఒకదానితో ఒకటి కలిసే వలయం డయామీటర్ మిల్లీమీటర్లలో వస్తుంది. పాత పినియన్ పక్కన కొత్తది పెట్టి పళ్ళు, మాడ్యూల్, తిరిగే దిశ మూడూ చూసుకోండి.

ఓ వారం బండి నడిపాక డస్ట్ కవర్ మళ్ళీ విప్పి రింగు చూడండి. పళ్ళ ముఖం మీద మెరుపు సమంగా ఉండాలి. కొసల్లో మాత్రమే మెరుస్తుంటే సందు ఎక్కువే ఉన్నట్టు, షిమ్ సరిచేయాలి. బోల్టులకి కూడా టార్క్ రెంచ్ ఇంకోసారి వేయండి, 30 నుంచి 35 పౌండ్-అడుగులు.