వైఫై కొట్లాట: ఒకే డోర్ నంబరుకి ఇద్దరు

నమస్తే అండీ. ఇవాళ కాస్ట్‌కో లేదు, ఫాల్ కలర్స్ లేవు. కెమెరా నేరుగా మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్‌లోకి వెళ్తోంది. చీరల హ్యాంగర్లు పక్కకి జరిపితే గోడలో రేకు డబ్బా ఒకటి కనిపిస్తోంది చూశారా? టెక్సస్‌లో ఈమధ్య కట్టిన ఇళ్ళలో చాలావాటికి ఇంటర్నెట్ కేబుళ్ళన్నీ ఇలాంటి డబ్బాలోకే వచ్చి చేరతాయి. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన గేట్‌వే (మోడెమ్, రౌటర్ కలిసిన బాక్స్) ఒకటి, దాని సిగ్నల్ పైఅంతస్తుకి అందడం లేదని కొన్న మెష్ (ఇల్లంతా సిగ్నల్ పరిచే రౌటర్ల సెట్టు) ఒకటి, "పారేయడం ఎందుకులే" అని ఉంచేసిన పాత రౌటర్ ఇంకొకటి. చాలాసార్లు ఆ మూడోదే దొంగ.

ప్రింటర్ నిన్న పనిచేసింది, ఇవాళ ఆఫ్‌లైన్ అంటుంది. ఫోన్లో వైఫై నిండుగా ఉంటుంది, ఫోన్లోది టీవీలో చూద్దామంటే (కాస్ట్) ఆ ఐకానే కనిపించదు. డోర్‌బెల్ కెమెరా గంటకోసారి మాయమవుతుంది. వెంటనే ఏం చేస్తాం? కంపెనీకి ఫోన్ చేసి 500 ఎంబీపీఎస్‌ని గిగాబిట్‌కి పెంచుకుంటాం. బిల్లు పెరుగుతుంది, ప్రింటర్ ఆఫ్‌లైన్‌లోనే ఉంటుంది. ఇది స్పీడు గొడవ కాదండీ, అడ్రస్‌ల గొడవ.

ఇంట్లో నెట్‌కి తగిలించిన ప్రతి వస్తువుకీ ఒక ఐపీ అడ్రస్, అంటే దాని డోర్ నంబరు, కావాలి. ఆ అడ్రస్‌లు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు, రౌటర్ లోపలే ఉంటుంది. ఇంటికి అలా పంచే పెద్ద ఒక్కరే ఉండాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, ఇక్కడా అంతే.

కాబట్టి మొట్టమొదట తేల్చాల్సింది: అడ్రస్ ఇస్తున్నది ఎవరు? ఐఫోన్‌లో సెట్టింగ్స్, వైఫై, కనెక్ట్ అయిన పేరు పక్కన ఉన్న చిన్న ఐ గుర్తు నొక్కండి. ఐపీ అడ్రస్, రౌటర్ అని రెండు లైన్లు ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో అదే చోట గేట్‌వే అని ఉంటుంది. ఆ అంకెలే సగం కథ చెప్పేస్తాయి. 10.0.0 తో మొదలైతే ఎక్స్‌ఫినిటీ కంపెనీ గేట్‌వే ఇచ్చిందనుకోవచ్చు. రౌటర్ 192.168.1.254 అని ఉంటే ఏటీ అండ్ టీ కంపెనీ గేట్‌వే. 192.168.68 అయితే టీపీలింక్ డెకో మెష్, 192.168.4 అయితే ఈరో మెష్, 192.168.86 అయితే గూగుల్ మెష్. ఎవరూ మార్చకపోతే ఫ్యాక్టరీ నుంచి వచ్చే అంకెలు ఇవే. ఇప్పుడు ఇంట్లో ఇంకో ఫోన్, టీవీ, ప్రింటర్ తీసుకుని వాటిలో కూడా ఇదే చూడండి. ఒకదాంట్లో 192.168.1, ఇంకోదాంట్లో 192.168.68 కనిపిస్తే ఇంట్లో రెండు కాపురాలు నడుస్తున్నట్టే.

దీన్నే డబుల్ నాట్ అంటారు, అంటే అడ్రస్‌లు మార్చి పంపే పని (నాట్) రెండు రౌటర్లూ చేయడం. గేట్‌వే ఒక నెట్‌వర్క్ నడుపుతుంది, దాని కింద మెష్ సొంతంగా ఇంకో నెట్‌వర్క్ నడుపుతుంది. ఎక్స్‌బాక్స్ అయితే డబుల్ నాట్ ఉందని మొహం మీదే చెప్తుంది, మిగతావి చెప్పవు. మామూలు బ్రౌజింగ్, యూట్యూబ్ అన్నీ నడుస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రింటర్ని మొదట్లో గేట్‌వే వైఫైకి కలిపి, ఫోన్లని తర్వాత మెష్‌కి మార్చినప్పుడే తెలుస్తుంది. ప్రింటర్, టీవీ తమ పేరు చెప్పుకోవడానికి 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రస్‌కి, 5353 పోర్టు (కేబుల్ గుచ్చే పోర్టు కాదు, నంబరు మాత్రమే) మీద కేకేస్తాయి. ఆ కేక తమ నెట్‌వర్క్ వరకే, రౌటర్ దాన్ని అవతలికి పంపదు. అందుకే ప్రింటర్ పక్కనే నిలబడి ఫోన్లో వెతికినా దొరకదు.

దీనికి మందు రెండు రకాలు, ఒకటే వాడాలి. మొదటిది, మెష్‌ని దాని యాప్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చడం. ఈరోలో దాన్నే బ్రిడ్జ్ అంటారు. అప్పుడు అడ్రస్‌లు గేట్‌వే ఇస్తుంది, మెష్ సిగ్నల్ మాత్రం మోస్తుంది. చెప్పినంత తేలికే, కానీ పిల్లల స్క్రీన్ టైమ్ కట్ చేసే సదుపాయాల్లాంటివి ఈ మోడ్‌లో చాలా మెష్‌లలో పోతాయి. అవి కావాలంటే రెండోది: గేట్‌వేని పక్కకి తప్పించడం. ఎక్స్‌ఫినిటీ అయితే బ్రౌజర్‌లో 10.0.0.1 కొట్టి, లాగిన్ అయి, గేట్‌వే మెనూలో ఎట్ ఎ గ్లాన్స్ పేజీలో బ్రిడ్జ్ మోడ్ ఎనేబుల్ చేయాలి. ఏటీ అండ్ టీ అయితే 192.168.1.254 కి వెళ్ళి, ఫైర్‌వాల్ ట్యాబ్‌లో ఐపీ పాస్‌త్రూ, అలొకేషన్ మోడ్‌లో పాస్‌త్రూ, కింద డీహెచ్‌సీపీఎస్ ఫిక్స్‌డ్, ఆ తర్వాత లిస్టులోంచి మెష్ మెయిన్ యూనిట్ మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చే గుర్తింపు నంబరు) ఎంచుకోవాలి. అది అడిగే యాక్సెస్ కోడ్ గేట్‌వే మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. ఇది చేశాక గేట్‌వే వైఫైని విడిగా ఆపడం మర్చిపోకండి. పాస్‌త్రూ పెట్టినంత మాత్రాన అది ఆగదు, థర్మోస్టాట్, డోర్‌బెల్ ఇంకా పాత ఇంట్లోనే వేలాడుతుంటాయి.

ఇక్కడ ఒక చిట్కా. గేట్‌వే వైఫై ఆపేశాకే మెష్‌కి అదే వైఫై పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, స్పేస్‌తో సహా. 20 స్మార్ట్ బల్బుల్ని ఒక్కోటీ నిచ్చెనెక్కి రీసెట్ చేసే పని తప్పుతుంది, వాటంతటవే వచ్చి కలుస్తాయి. రెండూ ఆన్‌లో ఉండగా ఒకే పేరు పెట్టారా, వస్తువులు అటూ ఇటూ గెంతుతాయి, కొట్లాట రెట్టింపవుతుంది.

ఇప్పుడు పాత రౌటర్ సంగతి. రేకు డబ్బాలో పోర్టులు చాలక దాన్ని స్విచ్‌లా (పోర్టులు పెంచే డబ్బాలా) వాడుకుందామని కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులో (ఇంట్లో వస్తువులు కలిపే పోర్టు) గుచ్చుతారు. ఆలోచన మంచిదే. దాని డీహెచ్‌సీపీ ఆపకపోవడమే తప్పు. కొత్తగా కలిసిన ల్యాప్‌టాప్ "నాకు అడ్రస్ కావాలి" అని అడిగితే ఎవరు ముందు పలికితే వాళ్ళదే చెల్లుతుంది. పాత రౌటర్ ముందు పలికిందనుకోండి, "నెట్‌కి దారి నేనే" అని కూడా చెప్తుంది. దాని వెనక నెట్ ఉండదు. అందుకే ఇంట్లో కొన్నిటికి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, రీస్టార్ట్ చేస్తే ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్, ఆల్ (ipconfig /all) కొట్టండి, డీహెచ్‌సీపీ సర్వర్ అనే లైన్‌లో దొంగ అడ్రస్ దొరుకుతుంది. పాత రౌటర్‌ని విడిగా ఒక ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి, దాని సొంత అడ్రస్ 192.168.1.2 కి మార్చి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, అప్పుడు ల్యాన్ నుంచి ల్యాన్‌కి కేబుల్ వేయండి. వ్యాన్ పోర్టు (బయటి నెట్ కేబుల్ గుచ్చేది) ఖాళీగానే ఉండాలి. ఇంటి నెట్‌వర్క్ వేరే అంకెలతో ఉంటే ఆ వరసలోనే ఇవ్వండి.

అడ్రస్ 169.254 తో మొదలైతే మాత్రం అసలు ఎవరూ పలకలేదని అర్థం. కేబుల్ ఊడిందా, రౌటర్ పూర్తిగా లేవలేదా చూసుకోండి.

అసలైన కొట్లాటకి వద్దాం: ఒకే అడ్రస్ ఇద్దరికి. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో వచ్చిన సీసీ కెమెరా దీనికి మంచి ఉదాహరణ. కొన్ని రకాల కెమెరాలు ఫ్యాక్టరీ నుంచి 192.168.1.108 అని స్థిరమైన అడ్రస్‌తో వస్తాయి. ఏటీ అండ్ టీ గేట్‌వే మామూలుగా 192.168.1.64 నుంచి 253 వరకు పంచుతుంది. 108 సరిగ్గా ఆ మధ్యలో ఉంది. ఏదో ఒక రోజు టీవీకో ఐప్యాడ్‌కో అదే నంబరు వస్తుంది. ఒకే డోర్ నంబరు రెండిళ్ళకి రాసినట్టు, ఉత్తరాలు ఒకసారి వీళ్ళకి, ఒకసారి వాళ్ళకి. విండోస్ అయితే ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని చెప్తుంది, టీవీ "నెట్ లేదు" అని ఊరుకుంటుంది.

పట్టుకోవడం తేలిక. అనుమానం ఉన్న వస్తువుని ప్లగ్ తీసేయండి. ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping), స్పేస్, ఆ అడ్రస్ కొట్టండి. ప్లగ్ తీసినా జవాబు వస్తోందంటే ఆ నంబరులో ఇంకొకరు కాపురం ఉంటున్నారు. వాళ్ళెవరో తెలియాలంటే ఏఆర్‌పీ, స్పేస్, మైనస్ ఏ (arp -a) కొడితే ఆ అడ్రస్ పక్కన మ్యాక్ అడ్రస్ కనిపిస్తుంది. మొదటి ఆరు అక్షరాలు తయారీదారుని బట్టి ఉంటాయి. ఫింగ్ లాంటి యాప్ వాడితే ఆ పేరు కూడా అదే చూపిస్తుంది.

మీ ఇల్లు 10.0.0 మీద నడుస్తుంటే ఆ కెమెరా కొట్లాడదు, అసలు కనిపించనే కనిపించదు. ల్యాప్‌టాప్‌కి తాత్కాలికంగా 192.168.1.50, మాస్క్ 255.255.255.0 పెట్టి, కెమెరాని కలిపిన స్విచ్‌కి కేబుల్ వేసి, బ్రౌజర్‌లో 192.168.1.108 తెరిచి, దాన్ని డీహెచ్‌సీపీకి మార్చండి. అయ్యాక ల్యాప్‌టాప్‌ని మళ్ళీ ఆటోమేటిక్‌కి తిప్పండి, ఇది మర్చిపోయి మర్నాడు ఆఫీసు మీటింగ్ పోగొట్టుకోకండి.

ప్రింటర్, కెమెరాలకి అడ్రస్ మారకూడదంటే వస్తువులో స్థిరంగా పెట్టడం కంటే రౌటర్‌లో రిజర్వేషన్ చేయడం (ఆ వస్తువుకి ఎప్పుడూ అదే నంబరు ఇవ్వమని రాసిపెట్టడం) నయం. నంబర్ల లెక్క ఒకే పుస్తకంలో ఉంటుంది. వస్తువులోనే పెట్టక తప్పకపోతే రౌటర్ పంచే వరసని 192.168.1.100 నుంచి 199 కి కుదించండి. 100 అడ్రస్‌లు ఇంటికి చాలు. 2 నుంచి 99 మీ చేతిలో ఉంటాయి. ఒకటి గుర్తుంచుకోండి: ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 10 నుంచి వైఫైకి అసలు మ్యాక్ కాకుండా మారుపేరు చూపించడం మామూలైంది. ఫోన్‌కి రిజర్వేషన్ పెట్టినా, పిల్లల ఫోన్‌కి టైమ్ కట్టడి పెట్టినా పనిచేయడం లేదంటే ఆ వైఫై పేరు కింద ప్రైవేట్ అడ్రస్ ఆఫ్ చేయండి.

కరెంటు పోయి వచ్చాక గొడవ మొదలైతే దానికీ కారణం ఉంది. చాలా ఇంటి రౌటర్లు ఎవరికి ఏ నంబరు ఇచ్చాయో ఆ చిట్టాని రీస్టార్ట్‌తో మర్చిపోతాయి. లోపల బ్యాటరీ ఉన్న వస్తువులు మాత్రం పాత నంబరునే పట్టుకుని కూర్చుంటాయి. గేట్‌వే ముందు ఆన్ చేయండి, అది పూర్తిగా లేచాక మెష్, ఐదు నిమిషాల తర్వాత మిగతావి. ఈ వరస పాటిస్తే చాలు.

ఇండియా నుంచి తెచ్చిన వైఫై రౌటర్‌తో ఇంకో చిక్కు. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులని ఉంటే పిన్ మార్చుకుంటే చాలు, అది సరే. కానీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇండియాలో 12, 13 ఛానళ్ళు కూడా నడుస్తాయి. అమెరికాలో కొన్న ఫోన్లు, టీవీ స్టిక్‌లు సాధారణంగా 11 దాకానే చూస్తాయి. రౌటర్ తనంతట తాను 13 ఎంచుకుంటే పక్కనే ఉన్నా వైఫై పేరే కనిపించదు. ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11 లో ఒకటి పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. స్మార్ట్ ప్లగ్గులు చాలావరకు 2.4 మాత్రమే ఎరుగుతాయి, వైఫై సెక్యూరిటీలో కొత్త రకమైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాతవి తలుపు దగ్గరే ఆగిపోతాయి. వాటికి డబ్ల్యూపీఏ2 తో వేరే పేరు ఇవ్వడం మేలు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళ ఫోన్లకి గెస్ట్ వైఫై ఇస్తుంటాం. ఉదయం సుప్రభాతం టీవీలో వేద్దామంటే నాన్నగారి ఫోన్‌కి టీవీ కనపడదు. గెస్ట్ పనే అది, ఇంట్లోవాళ్ళని చూడనివ్వదు. ఆయన్ని అసలు వైఫైకి మార్చండి, అంతే.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ళకి: వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి రహస్య దారి) కలపగానే ఆఫీసు సర్వర్ ఒక్కటి తెరుచుకోకపోతే, ఆఫీసువాళ్ళదీ మీదీ ఒకే వరస అయ్యుండొచ్చు. 10 తో మొదలయ్యే అడ్రస్‌లు ఆఫీసుల్లో మామూలు, ఇల్లు 10.0.0 అయితే ఢీకొనే అవకాశం ఎక్కువ. ఇంటిని 192.168.57.1 లాంటి ఎవరూ వాడని వరసకి మార్చండి. వీపీఎన్ కలిపితే ఇంటి ప్రింటర్ మాయమవడం మాత్రం చాలాసార్లు ఆఫీసు పెట్టిన నియమం, దానికి రౌటర్‌ని తిట్టి లాభం లేదు.

చివరిది, విజయవాడలో అమ్మావాళ్ళ ఇంటి కెమెరా. డాలస్ ఇంటినీ ఆ ఇంటినీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో కలిపితే, రెండు చోట్లా 192.168.1 ఉంటే, మీరు అడిగిన 192.168.1.108 సముద్రం దాటదు, ఇక్కడి ఇంట్లోనే వెతుకుతుంది. ఒక ఇంటిని 192.168.31 కి మార్చాల్సిందే. మార్చేది మన వైపు ఇల్లయితే మంచిది, అక్కడ ఏదైనా చెడితే ఫోన్లో నాన్నగారిచేత రీసెట్ బటన్ నొక్కించడం తేలిక కాదు. అక్కడి రౌటర్‌లో వ్యాన్ అడ్రస్ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది కంపెనీ చాలామందికి కలిపి ఇచ్చిన అడ్రస్, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి పిలుపుని లోపలి వస్తువుకి పంపే ఏర్పాటు) ఎంత చేసినా బయటి నుంచి తలుపు తెరుచుకోదు. కాబట్టి మన ఇంటికి సొంత పబ్లిక్ అడ్రస్ (బయటి నుంచి నేరుగా చేరగలిగేది) ఉందో లేదో చూసుకుని, పిలుపు అటు నుంచి ఇటు వచ్చేలా పెట్టండి. అటువైపు సెట్టింగ్‌లో పర్సిస్టెంట్ కీప్అలైవ్ (దారి మూసుకోకుండా పంపే పలకరింపు) 25 సెకన్లు. అక్కడి ఫైబర్ బాక్స్‌కీ రౌటర్‌కీ చిన్న డీసీ యూపీఎస్ ఒకటి పెట్టించండి, కొనేముందు రెండు అడాప్టర్ల మీదా 12 వోల్టులా, 9 వోల్టులా అన్నది వీడియో కాల్‌లో చూసి మరీ.