చలి రాత్రి, ఎండ పొద్దు: వరి నారు ఆకులో కొవ్వుల కథ

హోస్ట్: యాసంగి నారుమళ్లు డిసెంబరు, జనవరి చలికి పసుపెక్కి ఎదగవు. జింకు లోపం సంగతి అలా ఉంచి చలి మాటే చూస్తే, ఆకు లోపల ఏం జరుగుతుంది మేడం?

అతిథి: ఆకుకి పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్‌లో వెలుతురుని పట్టే థైలకాయిడ్ పొరలుంటాయి కదండీ, వాటిలో ఫాస్ఫోలిపిడ్లు, అంటే ఫాస్ఫేటు ఉన్న కొవ్వులు, బాగా తక్కువ. ఇంచుమించు సగం ఎంజీడీజీ, అంటే ఒక గాలక్టోజ్ చక్కెర ఉన్న కొవ్వు. రెండు గాలక్టోజ్‌లున్న డీజీడీజీ పావువంతు పైనే. మిగతాది గంధకం ఉన్న ఎస్‌క్యూడీజీ, ఇంకా ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్. దీన్ని పీజీ అంటాం. పొరలో ఫాస్ఫోలిపిడ్ అంటే ప్రధానంగా ఇదే.

హోస్ట్: నెయ్యి చలికి గడ్డకడుతుంది, నూనె కట్టదు. ఇక్కడా అంతేనా?

అతిథి: సూత్రం అదే. కొవ్వు ఆమ్లం గొలుసులో కార్బన్ల మధ్య ద్విబంధాలు ఎక్కువుంటే గడ్డకట్టదు. గాలక్టోజ్ ఉన్న ఆ రెండు కొవ్వుల్లో 18:3, అంటే 18 కార్బన్లు, 3 ద్విబంధాలు ఉన్న కొవ్వు ఆమ్లం, ముందే దండిగా ఉంటుంది, వాటితో పెద్ద చిక్కు లేదు. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో 18:2ని 18:3 చేసే ఫ్యాడ్8 ప్రొటీన్ వేడిలో త్వరగా విరిగిపోతుంది, చలిలో నిలుస్తుంది. చిక్కల్లా పీజీతోనే. దానిలో కొవ్వు ఆమ్లాలు చేరే రెండు చోట్లా 16:0 ఉన్నా, ఒకచోట 16:0, రెండోచోట ట్రాన్స్ 16:1 ఉన్నా, మామూలు వేడిలోనే బిగుసుకునే రకం.

హోస్ట్: రుజువు?

అతిథి: 1992లో జపాన్‌లో నోరియో మురాటా బృందం పొగాకులో ఈ బిగుసుకునే పీజీ వాటా మార్చి చూసింది. పీజీలో ఏ కొవ్వు ఆమ్లం చేరాలో తేల్చే ఎంజైమ్ గుమ్మడి జాతిది పెడితే మొక్క చలికి ఇంకా లొంగిపోయింది, అరబిడాప్సిస్‌ది పెడితే తట్టుకుంది. అసలు దెబ్బ చలితో పాటు వెలుతురు ఉన్నప్పుడు. కిరణజన్య సంయోగక్రియకి కావాల్సిన డీ1 ప్రొటీన్ వెలుతురుకి పాడైతే, దాన్ని తీసి కొత్తది బిగించే పని బిగుసుకున్న పొరలో నెమ్మదిస్తుంది. అయితే మొత్తం నేరం పీజీ మీద వేయకూడదు. పీజీ అలాంటిదే ఉన్న అరబిడాప్సిస్ మ్యూటెంట్ (జన్యువు మారిన మొక్క) ఒకటి 2 డిగ్రీల్లో కొన్నాళ్లు బాగానే ఉంటుంది, వారాలు గడిచాకే చతికిలబడుతుంది.

హోస్ట్: ల్యాబ్‌లో కొలవాలంటే?

అతిథి: ఆకు కోసిన వెంటనే 75 డిగ్రీల ఐసోప్రొపనాల్ 3 మిల్లీలీటర్లలో వేయాలి, కొవ్వులు గాలికి పాడవకుండా అందులో 0.01 శాతం బీహెచ్‌టీ ఉండాలి. 15 నిమిషాలు. తర్వాత క్లోరోఫాం 1.5, నీళ్లు 0.6 మిల్లీలీటర్లు కలిపి గంటసేపు ఊపాలి. క్లోరోఫాం–మిథనాల్ 2:1తో ఆకు తెల్లబడేదాకా మళ్లీమళ్లీ తీయాలి. గాజు గొట్టాలే వాడండి, ప్లాస్టిక్ కరిగి లెక్క చెడగొడుతుంది.

హోస్ట్: చల్లని కల్వంలో నూరితే?

అతిథి: చాలామంది చేసే తప్పే అది! నూరేలోపే ఫాస్ఫోలిపిడ్లని కోసి ఫాస్ఫాటిడిక్ ఆమ్లం చేసే ఎంజైమ్, ఫాస్ఫోలిపేజ్ డి, పని మొదలుపెడుతుంది. తర్వాత ఆ ఆమ్లం ఎక్కువ చూపిస్తే దాన్ని చలి ప్రభావం అని రాసేస్తారు. వేడి ద్రావణి ఎంజైమ్‌ని చంపడానికే.

కొవ్వుల్ని రకాలవారీగా విడదీయడానికి 0.15 మోలార్ అమ్మోనియం సల్ఫేట్‌లో తడిపి ఆరబెట్టిన సిలికా ప్లేటు 120 డిగ్రీల్లో రెండున్నర గంటలు ఉంచండి. ద్రావణి అసిటోన్, టోలుయిన్, నీళ్లు 91:30:8. గాలిలో తేమను బట్టి నీళ్లు కొంచెం అటూఇటూ చేసుకోవాలి. మచ్చలు కనబడటానికి పట్టే అయోడిన్ ఆవిరి క్షణకాలమే తగలాలి, ఎక్కువైతే ద్విబంధాలకి అంటుకుని 18:3నే తినేస్తుంది. మచ్చ గీకి, లెక్కకి కొలబద్దగా తెలిసినంత 15:0 (అంతర్గత ప్రమాణం) వేసి, ఒక నార్మల్ మిథనాలిక్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 80 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. ఆపైన గ్యాస్ క్రోమటోగ్రఫీ (జీసీ)తో కొలవాలి. అన్నట్టు, వరి ఎంజీడీజీలో 16:3 కోసం వెతక్కండి. అది అరబిడాప్సిస్, పాలకూరల సంగతి. వరి 18:3 మొక్క.

హోస్ట్: మరి నారుమడిలో?

అతిథి: రాత్రి పాలిథీన్ షీటు కప్పి పొద్దున తీసేయాలి. రాత్రంతా చల్లబడ్డ నీళ్లు తెల్లారగానే వదిలేసి, బోరు నీళ్లు పెట్టాలి. ఎండ గట్టిపడేలోపే మడి కాస్త వెచ్చబడాలి.