గుల్‌మార్గ్ వీకెండ్‌కి స్కీ గాగుల్స్: ఏ లెన్స్ కొనాలి?

నమస్తే అండీ. బెంగళూరు నుంచి వీకెండ్‌కి గుల్‌మార్గ్ వెళ్లేవాళ్లు జాకెట్ కోసం వారం రోజులు వెతుకుతారు, గాగుల్స్ మాత్రం చివర్లో చేతికి అందినవి తీసుకుంటారు. జాకెట్ అక్కడ అద్దెకి దొరుకుతుందండీ. అద్దె గాగుల్స్ సంగతి వేరు, గీతలు పడి లోపలి కోటింగ్ పోయినవే తగలొచ్చు.

టేబుల్ మీద మూడు రకాలున్నాయి. ఒకే ముదురు లెన్స్ ఉన్నది, ఎండని బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్, అయస్కాంతంతో లెన్స్ మార్చుకునేది.

కొనేటప్పుడు లెన్స్ మీద ఎస్ పక్కన ఉన్న అంకె చూడండి, ఎంత వెలుతురు లోపలికొస్తుందో అదే చెబుతుంది. ఎస్1 అయితే 43 నుంచి 80 శాతం వెలుతురు లోపలికొస్తుంది. ఎస్3 అయితే 8 నుంచి 18 శాతమే. షాపులో తళతళా మెరిసేది ఎస్3, అందరి చెయ్యీ దాని మీదకే వెళ్తుంది. ఎండ ఉన్నంతసేపు దానికి తిరుగులేదు. కానీ గొండోలా, అంటే అక్కడి కేబుల్ కార్, రెండో ఫేజ్‌లో దింపే అఫర్వత్ కొండ 3,900 మీటర్లు దాటి ఉంటుంది, అక్కడ చెట్లుండవు. మబ్బు కమ్మిందా, నీడ అనేది ఉండదు. నేలా ఆకాశం ఒకటే తెలుపు. ముందు గుంట ఉందో గుట్ట ఉందో మోకాలు అదిరేదాకా తెలీదు. లేత పసుపు లేదా గులాబీ రంగు ఎస్1 ఉంటే మంచు ఎత్తుపల్లాలు కాస్త తేలతాయి. కాస్తే సుమా! అలాంటప్పుడు కిందికి, పైన్ చెట్ల దగ్గరికి వచ్చేయండి. చెట్లు నల్లగా కనపడతాయి కాబట్టి వాలు అంచనాకి దొరుకుతుంది.

లేత రంగుతో కళ్లు పాడవుతాయేమో అని అడుగుతారు. రంగు వేరు, యూవీ (కంటికి హాని చేసే అతినీలలోహిత కిరణాలు) నుంచి రక్షణ వేరు. తాజా మంచు యూవీని 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి ఏ రంగైనా యూవీని ఆపే లెన్స్ అని చెప్పే యూవీ400 గుర్తు ఉండాల్సిందే.

ఫోటోక్రోమిక్‌తో చిక్కేంటంటే, చలిలో రంగు బాగా ముదురుతుంది, మళ్లీ లేతబడడానికి టైం తీసుకుంటుంది. ఎండలోంచి మబ్బులోకి జారడానికి సెకన్లు చాలు.

అందుకే నా ఓటు అయస్కాంతానికి. ఇదిగో, గ్లవ్స్‌తోనే అంచు పట్టి లాగితే వచ్చేసింది. ఇక్కడ, ఈ సందు చూశారా? ఇందులో మంచు రవ్వ ఇరుక్కుంటే లెన్స్ సరిగ్గా కూర్చోదు, మీరు కిందపడితే ఊడిపోతుంది. కాబట్టి గొండోలా క్యాబిన్‌లోనే మార్చండి. రెండో లెన్స్ జాకెట్ లోపలి జేబులో ఉండాలి. బయటి జేబులో చల్లబడిన లెన్స్ పెట్టుకోగానే ఆవిరి పడుతుంది.

ఆవిరి అంటే గుర్తొచ్చింది. నెక్ వార్మర్‌ని గాగుల్స్ కిందకి దోపకండి, ఊపిరి తిన్నగా లోపలికెళ్తుంది. చెమట పట్టిన టోపీ మీదకి ఎత్తిపెట్టకండి. లోపలి వైపు వేలితో అస్సలు తుడవకండి. తడిసిన కోటింగ్ మెత్తగా ఉంటుంది, ఆ గీత ఇక పోదు. దులిపి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి చాలు. రాత్రి బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) పక్కన ఆరబెట్టారంటే లెన్స్ రెండు పొరల మధ్య జిగురు ఊడుతుంది, లోపలికి తేమ దూరితే ఆ లెన్స్ పని అయిపోయినట్టే.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఓటీజీ (ఓవర్ ద గ్లాసెస్, అంటే కళ్లజోడు మీద పెట్టుకునేది) అని రాసి ఉన్నదే అడగండి. షాపులోనే కళ్లజోడు, హెల్మెట్ రెండూ పెట్టుకుని తల గట్టిగా ఊపండి. హెల్మెట్ ఫ్రేమ్‌ని ముక్కు మీదకి నొక్కుతుంటే సైజు మార్చండి. నుదుటి దగ్గర సందు కనిపిస్తే ఆ జత మీకు పనికిరాదు.