తీగ వదులైతే పాట బరువెక్కింది: బ్లాక్ సబ్బాత్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'

[నల్ల తెర. దగ్గు వినిపిస్తుంది. తర్వాత గిటార్ పట్టుకుని నేను.]

ఇదిగో, ఇలాంటి దగ్గుతోనే మొదలవుతుంది ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 1971లో తెచ్చిన ఈ ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'. దగ్గింది గిటారిస్టు టోనీ అయోమీ. గంజాయి పొగ గొంతుకి అడ్డంపడితే వచ్చిన దగ్గుని తీసుకెళ్లి 'స్వీట్ లీఫ్' పాటకి ఎత్తుగడగా పెట్టేశారు. ఒరిజినల్ వినిపిస్తే కాపీరైట్ స్ట్రైక్ పడుద్ది. కాబట్టి ఇవాళంతా నా గిటారూ, నా దగ్గే మీకు దిక్కు.

సబ్బాత్ అనగానే అందరూ వాళ్ల ఇంకో ఆల్బమ్ 'పారనాయిడ్' అంటారు. కాదనను. కానీ హెవీ మెటల్‌లో ఆ 'హెవీ' ఎక్కణ్ణుంచి వచ్చిందో చెవికి తెలియాలంటే నా ఓటు దీనికే.

[బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల పాత ఫొటోలు]

అయోమీకి 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మెషీన్ కింద పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అదీ ఉద్యోగంలో ఆఖరి రోజున. మనిషిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది కుడిచెయ్యి. పోయినవి ఆ చేతి వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, జారకుండా పైన పాత జాకెట్ తోలు ముక్కలు అంటించాడు. సన్న తీగలు వేసుకున్నాడు. ఈ ఆల్బమ్‌కి వచ్చేసరికి ఏకంగా శ్రుతే దించేశాడు.

[దగ్గరి షాట్: లావు తీగ, మర తిప్పుతున్న వేళ్లు]

చూడండి. మామూలుగా ఈ తీగ ఇ, అంటే మన హార్మోనియం లెక్కలో మూడు శ్రుతి. దీన్ని సి షార్ప్‌కి, ఒకటిన్నరకి దించుతున్నా. 82 హెర్ట్జ్ కాస్తా 69కి వచ్చింది. అదే తీగ మీద బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఇప్పుడు మీటితే... విన్నారా? తీగ ఊగుతోంది. వేలికి సుఖం, చప్పుడుకి లోతు. గీజర్ బట్లర్ కూడా తన బేస్ గిటార్ దించి అదే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ ముక్క, కింద నుంచి వాయిస్తాడు. 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్', 'లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్', 'ఇన్‌టు ద వాయిడ్' మూడింట్లోనూ ఇదే పని.

అలాగని 34 నిమిషాలూ దంచుడే అనుకోవద్దు. 'లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్'కి ముందు 'ఆర్కిడ్' అని ఒకటిన్నర నిమిషం అకూస్టిక్ గిటార్ ఉంటుంది. దయచేసి స్కిప్ కొట్టకండి. చెవి మెత్తబడ్డాక వచ్చి పడితేనే ఆ రిఫ్ దెబ్బ తెలుస్తుంది. 'సాలిట్యూడ్'లో అయితే వేణువు కూడా అయోమీదే. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ ఎంత మెత్తగా పాడతాడంటే, పాడింది వేరే మనిషేమో అనుకున్నవాళ్లున్నారు.

'ఆఫ్టర్ ఫరెవర్' దేవుణ్ణి నమ్మమని చెప్పే పాట. రాసిన బట్లర్ క్యాథలిక్ ఇంట్లో పెరిగాడు. సైతాను బ్యాండని తిట్టినోళ్లు ఇది విన్నారో లేదో మరి.

[హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ]

నా ఫేవరెట్ మాత్రం ఆఖర్న వచ్చే 'ఇన్‌టు ద వాయిడ్'. మొదటి రిఫ్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, మధ్యలో ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. అక్కడ గిటార్ని వదిలేసి బిల్ వార్డ్ డ్రమ్స్ పట్టుకోండి. ఫోన్ స్పీకర్లో వద్దు, బేస్ సగం పోతుంది.

2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో నలుగురూ ఆఖరిసారి కలిసి వాయించారు. నాలుగు పాటలు. ఈ ఆల్బమ్ నుంచి ఒక్కటీ లేదు. కనీసం 'ఇన్‌టు ద వాయిడ్' అయినా పెట్టి ఉండాల్సిందండీ.