స్పీడ్ పెంచబుద్ధి కాని షోలు: 2025లో నా లిస్ట్

హాయ్ అండి అందరికీ. వీడియో మొదలెట్టే ముందు ఒక తప్పు ఒప్పేసుకుంటా, నేను షోలు ఒకటిన్నర స్పీడ్‌లో చూస్తాను. తిట్టుకోండి పర్లేదు. వారానికో పది కొత్త షోలు వస్తుంటే, అందులో సగం ఎనిమిది గంటలు సాగదీసిన రెండు గంటల కథలే అయితే ఏం చేస్తాం చెప్పండి, హీరో కార్ దిగి డోర్ వేసి నడిచి బెల్ కొట్టేదాకా అంతా చూస్తూ కూర్చునే ఓపిక నాకైతే లేదు. కాబట్టి ఈ ఏడాది లిస్ట్‌కి రూల్ ఒక్కటే. ఏ షోకి నా వేలు ఆ స్పీడ్ బటన్ మీదకి వెళ్ళలేదో, వెళ్ళినా సిగ్గుపడి వెనక్కి వచ్చిందో, అవే లిస్ట్‌లో ఉంటాయి. అవార్డులు, రేటింగులు ఇవన్నీ తర్వాత.

ఈ రూల్ వల్ల ఫస్ట్ ఎగిరిపోయింది స్క్విడ్ గేమ్ 3. ఫస్ట్ సీజన్ ఒక్క రాత్రిలో చూసేసినోడిని, మూడో సీజన్‌లో ఆ మాస్కులేసుకున్న విఐపీలు మాట్లాడటం మొదలెట్టగానే డైరెక్ట్‌గా రెండుకి పెట్టేశా. అయినా వాళ్ళ డైలాగులు అయిపోవే! సరే వదిలేద్దాం.

ద స్టూడియో గురించి రెండు ముక్కలే చెప్తా, కామెడీకి ఎలాగూ స్పీడ్ పెంచం కాబట్టి దీన్ని పోటీలో పెట్టడం న్యాయం కాదు. కానీ రెండో ఎపిసోడ్ మాత్రం చూసి తీరండి. ఒక డైరెక్టర్ సూర్యుడు దిగిపోయేలోపు కట్ లేకుండా ఒక లాంగ్ షాట్ తియ్యాలని తంటాలు పడుతుంటుంది, స్టూడియో హెడ్ సేథ్ రోగన్ సెట్‌కొచ్చి, సాయం చేద్దామనుకుంటూనే ప్రతి టేక్ నాశనం చేస్తాడు. ఆ ఎపిసోడ్ కూడా కట్ కనపడకుండానే నడుస్తుంది, అది కదా మజా.

మన దగ్గర నుంచి పాతాళ్ లోక్ రెండో సీజన్. మొదటిది 2020లో వచ్చింది, మధ్యలో దాదాపు అయిదేళ్ళు, నేనైతే ఇక రాదనే అనుకున్నా. జైదీప్ అహ్లావత్ చేసిన హాథీరామ్ అక్కడే ఆ పోలీస్ స్టేషన్‌లోనే ఉన్నాడు, కానీ తన కింద పనిచేసిన అన్సారీ ఐపీఎస్ అయిపోయాడు. ఇప్పుడు వాణ్ణి ఏమని పిలవాలి? సర్ అనాలా, పేరు పెట్టి పిలవాలా? కేస్ నాగాలాండ్ దాకా వెళ్తుంది, చాలా చిక్కుముడులు ఉంటాయి, నిజం చెప్పాలంటే కొన్ని నాకు పూర్తిగా విడిపోలేదు కూడా. కానీ ఆ ఇద్దరి మధ్య ఉన్న ఆ ఇబ్బంది, ఆ ప్రేమ, దాన్ని స్పీడ్‌లో పెడితే ఏమీ మిగలదు, ఎందుకంటే అహ్లావత్ సగం యాక్టింగ్ డైలాగ్ చెప్పక ముందు గ్యాప్‌లోనే చేసేస్తాడు. అన్నట్టు మన డైరెక్టర్ నగేష్ కుకునూర్ కూడా ఇందులో యాక్ట్ చేశాడు, గమనించారా? దీనితో పాటే జనవరిలో వచ్చిన బ్లాక్ వారెంట్ కూడా చూసేయండి, తీహార్ జైల్లో కొత్తగా చేరిన ఒక మెత్తటి మనిషి కథ, ఏడు ఎపిసోడ్లే.

ఇప్పుడు సెవరెన్స్. ఇది ఒప్పుకోవాల్సిన విషయం, ఎనిమిదో ఎపిసోడ్‌లో, అదే ఆ ఆఫీసు పాత బాస్ కోబెల్ ఒక్కతే మంచులో తన ఊరెళ్ళే ఎపిసోడ్ ఉంది కదా, అందులో నా వేలు వెళ్ళింది. 1.25 అంతే, ఎక్కువ కాదు. కానీ దానికి ముందు ఏడోది చూడండి, హీరో మార్క్ భార్య జెమ్మా కథ. ఒకే మనిషి జ్ఞాపకాలు రెండుగా కోసేసి, ఆఫీసులో ఒక మనిషి బయట ఒక మనిషి, లిఫ్ట్ ఎక్కితే ఒకరు పోయి ఇంకొకరు వచ్చే షోలో, మొదటిసారి ఒక పెళ్ళి ఎలా మొదలైందో ఎలా మెల్లగా చీకటైపోయిందో చూపించారు. ఆ ఎపిసోడ్ డైరెక్ట్ చేసింది ఆ షో కెమెరా చేసే జెస్సికా లీ గాన్యే. ఇక చివరి ఎపిసోడ్‌లో మార్క్ తనతో తనే ఒక చిన్న వీడియో కెమెరాలో రికార్డ్ చేసుకుని గొడవ పడతాడు చూడండి, ముందు ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకుంటారు, లోపలోడు ప్రేమించిన అమ్మాయి హెలీ పేరు బయటోడు తప్పు పలుకుతాడు, అక్కడ మొదలవుతుంది అసలు గొడవ. వీడికి ఆమె పేరు కూడా సరిగ్గా గుర్తులేదు, కానీ తన పెళ్ళాం కోసం లోపలోడు ప్రాణం ఇచ్చెయ్యాలి! మూడేళ్ళు వెయిట్ చేయించినందుకు ఆ ఒక్క సీన్‌తో మాఫీ.

స్టార్ వార్స్ షో ఆండోర్ రెండో సీజన్ సంగతి ఉల్టా. ఇది టైమ్‌ని తనే మింగేస్తుంది, పన్నెండు ఎపిసోడ్లు, మూడేసి ఎపిసోడ్లకి ఒక ఏడాది దూకేస్తుంది. చివర్లో ఏమవుతుందో 2016లోనే రోగ్ వన్ సినిమాలో చూసేశాం, అంటే సస్పెన్స్ జీరో. అయినా ఎందుకు కదల్లేకపోయాను అంటే మూడో ఎపిసోడ్. కూతురి పెళ్ళి జరుగుతుంటుంది, దొంగచాటుగా తిరుగుబాటుదారులకి సాయం చేసే సెనేటర్ మాన్ మాథ్మాకి తన చిన్ననాటి ఫ్రెండ్‌ని సొంత మనుషులే లేపేయబోతున్నారని అర్థమైపోతుంది. ఏం చేస్తుంది? ఏడవదు, అరవదు, వరసగా మందు తాగి డాన్స్ ఫ్లోర్ మధ్యలోకెళ్ళి పిచ్చిగా ఆడుతుంది. అందరూ తల్లి ఆనందంలో ఉందనుకుంటారు. నేను ఆ పాట అయిపోయాక కాసేపు పాజ్ చేసి కూర్చున్నా. స్టార్ వార్స్ అంటే కత్తులు ఫైటింగులు అనుకుని వదిలేసినవాళ్ళు ఉంటే, ఇందులో ఒక్క లైట్ కత్తి కూడా ఉండదండి, ధైర్యంగా చూడండి.

ప్లురిబస్ అయితే నా లాంటోళ్ళకే పెట్టిన పరీక్ష. తీసింది బ్రేకింగ్ బ్యాడ్ విన్స్ గిల్లిగన్ కదా, ఒకడు ఒక పని చేస్తుంటే ఆ పని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాడు. ప్రపంచంలో దాదాపు అందరి మనసులూ ఒకటైపోయి అందరూ సంతోషంగా ఉంటారు, కేరల్ అనే చిరాకు రచయిత్రి మాత్రం చిరాగ్గానే మిగిలిపోతుంది. తన సరుకులు తనే కొనుక్కుంటానని మొండికేస్తుంది, కానీ సూపర్ మార్కెట్ మొత్తం ఖాళీ చేసేసి ఉంటారు. అంతే, ఒక్క మనిషి కోసం లారీలు వరసకట్టి వస్తాయి, జనం మాటా పలుకూ లేకుండా అరలన్నీ నింపేసి వెళ్ళిపోతారు. చెయ్యి దురద పెట్టింది, పెట్టలేదు అని అబద్ధం చెప్పను. కానీ స్పీడ్ పెంచితే ఆ నిశ్శబ్దంలో ఉన్న భయం పోతుంది. కేరల్‌గా చేసిన రియా సీహార్న్ మొహం చూస్తూ ఉండిపోవచ్చు.

సెకండ్ ప్లేస్ ద పిట్. దీని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతా. పిట్స్‌బర్గ్‌లో ఒక హాస్పిటల్ ఎమర్జెన్సీ, పొద్దున ఏడింటికి షిఫ్ట్ మొదలు, ఒక ఎపిసోడ్ అంటే ఆ షిఫ్ట్‌లో ఒక గంట, అలా పదిహేను. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దాదాపు లేనట్టే, ఎక్కడ ఏడవాలో మనకి ఎవరూ వాయించి చెప్పరు. 1994లో ఈఆర్ అనే హాస్పిటల్ షోలో కుర్ర స్టూడెంట్‌గా వచ్చిన నోవా వైలీ ఇక్కడ గడ్డం నెరిసిన పెద్ద డాక్టర్ రాబీ. విటేకర్ అని ఒక స్టూడెంట్ ఉంటాడు పాపం, వాడి మీద ఎప్పుడూ ఏదో ఒకటి పడుతుంది, రక్తమో ఇంకోటో, వాడు డ్రెస్ మార్చుకోవడం ఎన్నిసార్లో నేను లెక్క వదిలేశా.

కానీ నేను చెప్పాలనుకున్నది వెయిటింగ్ రూమ్ గురించి. ఒకడు గుండె నొప్పి అని వచ్చి కూర్చుంటాడు. ఈసీజీ బాగానే ఉందంటారు, కూర్చోమంటారు. తర్వాత ఎపిసోడ్‌లో కౌంటర్ దగ్గర గొడవ చేస్తాడు. ఆ తర్వాత ఎపిసోడ్‌లో మళ్ళీ. మనకేమో వాడంటే మంట, లోపల ఇంతమంది చస్తుంటే వీడి గోలేంటి అని. తొమ్మిదో ఎపిసోడ్ చివర్లో హెడ్ నర్స్ డేనా బయటకెళ్ళి సిగరెట్ వెలిగించుకుంటే, వచ్చి మొహం మీద ఒక్క గుద్దు గుద్ది వెళ్ళిపోతాడు. వాడు చేసింది నీచమే, డౌట్ లేదు. కానీ వాడితో పాటు మనమూ గంటలు గంటలు ఆ రూమ్ చూస్తూ వచ్చాం కాబట్టి ఆ గుద్దు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. వెయిటింగ్‌ని ఫాస్ట్ ఫార్వార్డ్ చేసేస్తే అది ఒట్టి గుద్దే. దీనికి బెస్ట్ డ్రామాగా ఎమ్మీ టీవీ అవార్డు వస్తే, ఫస్ట్ టైమ్ నాకూ వాళ్ళకీ టేస్ట్ కలిసిందనిపించింది.

ఫస్ట్ ప్లేస్ మీరు ఊహించిందే, అడోలెసెన్స్. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటి ఒకే టేక్, ఎక్కడా కట్ లేదు. పదమూడేళ్ళ జేమీని తెల్లారగట్ల తలుపు పగలగొట్టి పోలీసులు హత్య కేసులో తీసుకెళ్తారు, వ్యాన్‌లో స్టేషన్ దాకా మనమూ వెళ్తాం. మామూలు షోలో అయితే తలుపు పగిలింది, కట్, స్టేషన్. ఇక్కడ ఆ దారంతా పిల్లాడి మొహం చూస్తూ కూర్చోవాలి.

మూడోది మాత్రం, అబ్బా. ఒక గది, జేమీ, సైకాలజిస్ట్ బ్రయోనీ. ఆమె హాట్ చాక్లెట్ తెస్తుంది, తన శాండ్‌విచ్‌లో సగం ఇస్తుంది. మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, అక్కడ నేను అలవాటుగా ఒకటిన్నర చేశాను, నిజంగా చేశాను. కాసేపటికి జేమీ ఆవలిస్తాడు. బోర్ కొట్టిస్తున్నానా అని ఆమె అడుగుతుంది, వాడు చిన్నగా నవ్వుతాడు. నన్నే అడిగినట్టనిపించి వెనక్కెళ్ళి నార్మల్‌లో పెట్టి మొదటి నుంచి చూశా. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ ఆవలింత స్క్రిప్ట్‌లో లేదట, ఓవెన్ కూపర్‌కి నిజంగానే వచ్చింది, ఎరిన్ డోహర్టీ అప్పటికప్పుడు ఆ డైలాగ్ వేసేసింది. ఆ పిల్లాడికి అది మొదటి యాక్టింగ్, పైగా షూటింగ్ మొదలైందే ఆ ఎపిసోడ్‌తో! పదిహేనేళ్ళకి ఎమ్మీ కొట్టాడు. చివర్లో వాణ్ణి తీసుకెళ్ళిపోయాక ఆమె సామాన్లు సర్దుకుంటూ, వాడు కొరికి వదిలేసిన ఆ శాండ్‌విచ్‌ దగ్గర ఆగిపోతుంది. ముట్టుకోలేదు. ఒక్క మాట లేదు అక్కడ.

స్లో హార్సెస్ అయిదో సీజన్ ఎందుకు లేదని అడుగుతారని తెలుసు. ఇంకా రెండు ఎపిసోడ్లు మిగిలున్నాయండి, కెమెరా ఆపేశాక కూర్చునేది వాటికే, గ్యారీ ఓల్డ్‌మన్ కాబట్టి నార్మల్ స్పీడ్‌లోనే.