డీడబ్ల్యూఎం రివ్యూ: 2,000 లైన్ల విండో మేనేజర్, మన చేత్తో మార్చుకునేది

నమస్కారం అండీ. స్క్రీన్ మీద మీకు ఇప్పుడు కనిపిస్తున్నది ఖాళీ డెస్క్‌టాప్. ఐకాన్లు లేవు, మెనూ లేదు, పైన సన్నటి బార్ ఒక్కటే ఉంది. ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడుతున్నాను. టెర్మినల్ వచ్చి స్క్రీన్ అంతా నిండిపోయింది. ఇంకోసారి కొడుతున్నాను. చూశారా, కొత్తది ఎడమవైపు కూర్చుంది, పాతది కుడివైపుకి జరిగింది. మూడోది తెరిస్తే కుడివైపు పైనా కిందా రెండు ముక్కలైంది. నేను మౌస్ ముట్టుకోలేదు. ఏ విండో కూడా ఇంకోదాన్ని కప్పేయలేదు.

ఇదే డీడబ్ల్యూఎం. లైనక్స్ మీద, స్క్రీన్ మీద విండోలు చూపించే ఎక్స్11 అనే వ్యవస్థ మీద నడిచే టైలింగ్ విండో మేనేజర్, అంటే విండోలను ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన పేర్చే ప్రోగ్రామ్. 2006లో మొదలైంది, సక్‌లెస్ ప్రాజెక్ట్ వాళ్లది, రాసింది ఆన్సెల్మ్ గార్బే. నేను ఈ వీడియోలో చూపిస్తున్నది 2024లో వచ్చిన 6.5 వెర్షన్. కామెంట్లు, ఖాళీ లైన్లు తీసేస్తే కోడ్ 2,000 లైన్లు దాటకూడదని వాళ్లే హద్దు పెట్టుకున్నారు. విండో మేనేజర్ మొత్తం దాదాపు ఒకే ఫైల్‌లో, డీడబ్ల్యూఎం డాట్ సీలో ఉంటుంది. ఇది తేలిగ్గా నడుస్తుంది, ర్యామ్ తక్కువ తింటుంది అని చాలామంది చెబుతారు. నిజమే, కానీ నాకు నచ్చింది అది కాదు. నేను రోజంతా వాడే ప్రోగ్రామ్‌ని మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదవగలను. నా దృష్టిలో దీని అసలు ఫీచర్ ఇదే.

దీనికి విడిగా సెట్టింగ్స్ ఫైల్ ఉండదు. కాన్ఫిగ్ డాట్ హెచ్ అని ఒక సీ హెడర్ ఫైల్ ఉంటుంది. రంగులు, ఫాంట్, కీలు అన్నీ అందులోనే. మార్చాక మళ్లీ కంపైల్ చేయాలి, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చాలి. ఈ మాట వినగానే సగం మంది వెనక్కి తగ్గుతారు. తగ్గొద్దు. ఉదాహరణకి ఆల్ట్ బదులు విండోస్ బొమ్మ ఉన్న కీ కావాలంటే, మాడ్‌కీ అని ఉన్న లైన్‌లో మాడ్1మాస్క్‌ని మాడ్4మాస్క్ చేయాలి. ఒక అంకె మార్చి, కంపైల్ చేసే మేక్ కమాండ్ కొట్టాలి, అంతే. నా పాత ల్యాప్‌టాప్‌లో కూడా రెండు మూడు సెకన్లలో బిల్డ్ అయిపోతుంది. కామా ఒకటి మర్చిపోతే ఏ లైన్‌లో పోయిందో కంపైలరే చెబుతుంది.

ఇప్పుడు కొంచెం లోపలికి వెళ్దాం. విండోలు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది టైల్ అనే ఫంక్షన్. ముప్పై లైన్లు కూడా ఉండదు. ఎడమవైపు ఉన్నదాన్ని మాస్టర్ అంటారు, కుడివైపు వరసని స్టాక్ అంటారు. మాస్టర్‌కి ఎంత వెడల్పు ఇవ్వాలో ఎంఫ్యాక్ట్ అనే అంకె చెబుతుంది, మామూలుగా అది 0.55. నా స్క్రీన్ వెడల్పు 1,920 పిక్సెల్స్. దాన్ని 0.55తో గుణిస్తే 1,056, అది మాస్టర్ వాటా. మిగిలిన 864 స్టాక్‌కి. ఆల్ట్ పట్టుకుని హెచ్ గానీ ఎల్ గానీ నొక్కితే ఈ అంకె 0.05 చొప్పున మారుతుంది. గీత అటూ ఇటూ జరగడం వెనక ఉన్నది ఈ ఒక్క గుణకారమే.

ఎత్తు పంచే తీరు ఇంకా బాగుంటుంది. బార్ పోగా 1,058 పిక్సెల్స్ ఎత్తు ఉందనుకుందాం, స్టాక్‌లో మూడు విండోలు. 1,058ని 3తో భాగిస్తే 352, శేషం 2. మూడింటికీ 352 ఇచ్చేస్తే అడుగున రెండు పిక్సెల్స్ చీలిక మిగిలిపోతుంది. ఈ ఫంక్షన్ అలా చేయదు. మొదటి విండోకి 352 ఇస్తుంది. మిగిలిన 706ని మిగిలిన రెండింటితో భాగిస్తుంది, 353 వస్తుంది. ఆఖరిదానికి మిగిలిన 353 మొత్తం. ప్రతిసారీ మిగిలిన ఎత్తుని మిగిలిన విండోలతో భాగించడమే, శేషం దానంతట అదే సర్దుకుపోతుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రోజూ చూసే గీత వెనక ఇంత పొందికైన లెక్క ఉంది.

ఇప్పుడు దీన్ని మారుద్దాం. నాకు మాస్టర్ కుడివైపు కావాలి. మాస్టర్ విండోకి ఎక్స్ స్థానం ఎం బాణం డబ్ల్యూఎక్స్, అంటే స్క్రీన్ ఎడమ అంచు. దానికి డబ్ల్యూడబ్ల్యూ కలిపి ఎండబ్ల్యూ తీసేస్తున్నాను. అంటే మొత్తం వెడల్పులోంచి మాస్టర్ వెడల్పు పోగా మిగిలిన చోట మొదలవుతుంది. స్టాక్ లైన్‌లో డబ్ల్యూఎక్స్‌కి ఎండబ్ల్యూ కలిపి ఉంది, ఆ కలిపిన ముక్క తీసేస్తున్నాను. మార్చింది రెండే చోట్ల. బిల్డ్ చేశాను, చూడండి, మాస్టర్ కుడివైపుకి వచ్చేసింది. ఒకే విండో ఉంటే ఏమవుతుందని సందేహం రావచ్చు. అప్పుడు ఎండబ్ల్యూ కూడా పూర్తి వెడల్పే కాబట్టి తీసివేత సున్నా అవుతుంది, అంచు నుంచే మొదలవుతుంది. విడిగా ఏమీ రాయక్కర్లేదు.

ట్యాగ్స్ గురించి, అంటే విండోలకి తగిలించే గుర్తుల గురించి కూడా చెప్పాలి, వర్క్‌స్పేస్ అనుకుని చాలామంది తికమకపడతారు. 9 ట్యాగ్స్ ఉంటాయి, ఒక్కో ట్యాగ్ ఒక్కో బిట్. మొదటిది 1, రెండోది 2, మూడోది 4. ఒకటీ మూడూ కలిపి చూడాలంటే లోపల దాచుకునే సంఖ్య 5. అందుకే ఒకే విండో రెండు ట్యాగ్స్‌లో ఉండొచ్చు, రెండు ట్యాగ్స్‌లోని విండోలను ఒకేసారి స్క్రీన్ మీదకి తెచ్చుకోవచ్చు. ఆల్ట్‌తో పాటు కంట్రోల్ పట్టుకుని అంకె నొక్కితే ఆ ట్యాగ్ కూడా కలుస్తుంది. నేను కోడ్‌ని ఒకటిలో, డాక్యుమెంటేషన్‌ని మూడులో పెట్టుకుని, కావాల్సినప్పుడు మాత్రం కలిపి చూస్తాను. అలవాటైతే మామూలు వర్క్‌స్పేస్‌లు ఇరుకుగా అనిపిస్తాయి.

ఇక పాచ్‌లు. విండోల మధ్య ఖాళీ, సిస్టమ్ ట్రే, ట్యాగ్‌కో లేఔట్, ఇలాంటివి అసలు కోడ్‌లో ఉండవు. ఎవరో రాసిన డిఫ్ ఫైల్, అంటే ఏ లైన్లు మార్చాలో రాసి ఉన్న ఫైల్, తెచ్చి మన కోడ్‌కి అతికించాలి. మొదటి నెలలో నేను ఆశకొద్దీ పది దాకా అతికించాను. రెండు పాచ్‌లు ఇదే టైల్ ఫంక్షన్‌ని చెరోరకంగా మార్చేవి. రెండోది సగమే అతికింది, మిగతా సగం, అతకని మార్పులు దాచే డాట్ రెజ్ ఫైల్‌లో పడింది. ఆ రాత్రంతా ఒకటే టెన్షన్, ఎక్కడ ఏం పోయిందో తెలియలేదు. ఎందుకంటే అప్పటికి నేను అసలు కోడ్ చదవనే లేదు. చివరికి అన్నీ తీసేసి, శుభ్రమైన కోడ్‌తో, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి మూడు మార్పులు, మూడూ చదివి అర్థం చేసుకుని చేతితో రాసుకున్నవే. పాచ్ అతికించే ముందు దాన్ని తెరిచి చదవండి, చాలావరకు ఒక పేజీ మించదు.

దీనితో పాటు ఇంకో చిక్కు ఉంది, దాదాపు అందరూ పడేదే. పాచ్‌లు మార్చేది కాన్ఫిగ్ డాట్ డెఫ్ డాట్ హెచ్‌ని. మీ కాన్ఫిగ్ డాట్ హెచ్ మొదటి బిల్డ్‌లో దాని నుంచి తయారైన కాపీ. ఒకసారి తయారయ్యాక మేక్ దాన్ని ముట్టుకోదు. అందుకే పాచ్ వేసి బిల్డ్ చేస్తే ఫలానా పేరు డిక్లేర్ చేయలేదని ఎర్రర్ వస్తుంది. పాచ్‌లో తప్పేమీ లేదు. కొత్త లైన్లను మీ ఫైల్‌లోకి మీరే తెచ్చుకోవాలి.

చిన్న చిన్న ఇబ్బందులు గబగబా చెప్పేస్తాను. టెర్మినల్ కింద సన్నటి చీలిక కనిపిస్తే కాన్ఫిగ్‌లో రీసైజ్‌హింట్స్‌ని 0 చేయండి, పోతుంది. జావా ప్రోగ్రామ్ తెరిస్తే బూడిదరంగు ఖాళీ విండో వస్తే కంగారు వద్దు. డీడబ్ల్యూఎం విండోల చుట్టూ వేరే ఫ్రేమ్ తొడగదు, జావా మాత్రం ఫ్రేమ్ ఉందనుకుంటుంది. అండర్‌స్కోర్ జావా ఏడబ్ల్యూటీ డబ్ల్యూఎం నాన్‌రీపేరెంటింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేస్తే సరి. మూడోది, కొత్త బిల్డ్ అమల్లోకి రావాలంటే డీడబ్ల్యూఎంని మూసి తెరవాలి, అలా చేస్తే సెషనే పోతుంది. ఎక్స్11 మొదలయ్యేటప్పుడు నడిచే ఎక్స్‌ఇనిట్ఆర్‌సీ ఫైల్‌లో దాన్ని వైల్ లూప్‌లో పెడితే మూయగానే మళ్లీ లేస్తుంది, విండోలు అలాగే ఉంటాయి. ఏది ఏ ట్యాగ్‌లో ఉందో మాత్రం మర్చిపోతుంది. ఇది నాకు నిజంగా కష్టంగానే ఉంది, ఈ ఒక్క విషయంలో మార్కులు తగ్గిస్తాను.

మరి ఎవరికి ఇది? ప్రాజెక్ట్ పేజీలోనే కొత్తవాళ్లు రాకపోతేనే మంచిదన్న ధోరణి కనిపిస్తుంది. నేను దానికి ఒప్పుకోను. సీ నేర్చుకుంటూ, నిజంగా వాడే ప్రోగ్రామ్ ఒకటి చదవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు. కోడ్ జోలికి పోకుండా టైలింగ్ మాత్రం కావాలంటే ఐ3 అనే విండో మేనేజర్ తీసుకోండి, టెక్స్ట్ ఫైల్ మార్చి రీలోడ్ కొడితే చాలు, విండోలూ కదలవు. ఎక్స్11 బదులు వచ్చిన వేలాండ్‌లో ఉన్నవాళ్లకి డీడబ్ల్యూఎల్ ఉంది, ఇదే పద్ధతిలో రాసింది.

ఉన్న డెస్క్‌టాప్ వదలకుండానే ముందు పరీక్షించవచ్చు. ఎక్స్11, ఎక్స్‌ఎఫ్‌టీ, ఎక్సైనెరామా డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేసుకుని బిల్డ్ చేయండి. తర్వాత జెఫిర్ అనే ప్రోగ్రామ్‌ని కోలన్ 1 అనే డిస్‌ప్లే నంబర్ మీద నడపండి. విండోలో ఇంకో చిన్న స్క్రీన్ వస్తుంది. డిస్‌ప్లే అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని కోలన్ 1కి పెట్టి డీడబ్ల్యూఎం మొదలుపెట్టండి. ఆల్ట్ కీలను బయటి డెస్క్‌టాప్ లాగేసుకుంటుంటే, కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కండి, కీబోర్డ్ లోపలి స్క్రీన్‌కే వెళ్తుంది. మాస్టర్‌ని కుడివైపుకి మార్చే ఆ రెండు మార్పులు అక్కడే చేసి చూడండి. తేడా కొడితే ఆ విండో మూసేయండి, మీ డెస్క్‌టాప్ ఎలా ఉందో అలాగే ఉంటుంది.