రాహుకాలం ఎవలి టైమ్ ప్రకారం? సెకండ్ హ్యాండ్ కారు ఇంటికి తెచ్చుకున్న ఆదివారం

నమస్తే అందరికీ. పొద్దుగాల తొమ్మిదింబావు అయితున్నది, ఇంగ్లండ్‌ల కోవెంట్రీ స్టేషన్ల ఉన్న. బ్యాగుల ఒక నిమ్మకాయ, ఒక చార్జరు, బ్యాంకుల 3,400 పౌండ్లు. ఇయ్యాల కారు కొంటున్న. నచ్చితేనే. నచ్చకపోతే నిమ్మకాయ పులిహోరల పడ్తది.

ఈ వీడియో మా అమ్మ తియ్యమన్నది. పోయిన నెల కొత్త రూమ్ వీడియోల వంటింటి మూల చూపియ్యలేదని హన్మకొండల మా వాడకట్టు మొత్తం అడిగిన్రట. దాన్ని 212 మంది చూసిన్రు. సగం మా సుట్టాలు, మిగిలిన సగం మా అమ్మ ఒక్కతే మళ్ల మళ్ల చూసింది. అందుకని ఈసారి డిక్కీతో సహా అన్ని చూపిస్త.

కారెందుకంటే, నాది కేర్ హోమ్‌ల నైట్ డ్యూటీ. అంటే ముసలోళ్లను చూసుకునే ఇల్లు, ఊరి బయట ఉంటది. ఆదివారం పొద్దుగాల డ్యూటీ దిగేసరికి బస్సు ఉండది, ట్యాక్సీకి 14 పౌండ్లు. నేను పౌండుకు 115 లెక్క వేసుకుంట, అంటే 1,610 రూపాయలు. ఆ పైసలతోటి హన్మకొండల బస్సెక్కి హైదరాబాద్ పోయి, బిర్యానీ తిని, మళ్ల రావచ్చు.

కారు ఉన్న ఊరు లఫ్‌బరో. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే మనం లౌఘ్‌బొరౌఘ్ అని చదువుతం. నేను టికెట్ కౌంటర్ కాడ గట్లనే అన్న. ఆయన నవ్వలేదు పాపం, ఒకసారి సరిగ్గ పలికి టికెట్ ఇచ్చిండు. మధ్యల నునీటన్‌ల ఒకసారి, లెస్టర్‌ల ఒకసారి దిగి మారాలె. ఆదివారం రైళ్లు ఇక్కడ కూడ మన ప్యాసింజరు లెక్కనే.

రైళ్ల కూర్చొని చెప్త. 2014 మోడల్ టయోటా యారిస్, పెట్రోల్, 61,000 మైళ్లు తిరిగింది, అంటే 98 వేల కిలోమీటర్లు. నంబర్ ప్లేట్ మీద 64 అని ఉంటది. ఇక్కడ ప్లేటే బండి పుట్టినరోజు చెప్తది. 2014 మార్చి నుంచి ఆగస్టు దాంక రిజిస్టరైతే 14, సెప్టెంబర్ నుంచి 50 కలిపి 64. ఇది సెప్టెంబర్‌ది. అంటే మన తెలంగాణ కంటే మూడు నెలలు చిన్నది.

ఇంక నాకు మస్తు నచ్చినదేందంటే, ఆ నంబర్ గవర్నమెంట్ సైట్ల కొడితే బండి జాతకం మొత్తం వస్తది, అది కూడ ఫ్రీ. ఇక్కడ మూడేండ్లు దాటిన ప్రతి కారుకు ఏటా ఎంఓటీ అని ఒక పరీక్ష ఉంటది. బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ చూస్తరు. ఏ సంవత్సరం పాసైంది, ఎందుల తప్పింది, అప్పుడు మీటర్ ఎంతున్నది, అన్ని రాసి ఉంటయి. మీటర్ వెనక్కి తిప్పితే దొరికిపోతరు. ఈ కారుకు నిరుడు "ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగింది" అని రాసిన్రు. మా బాపుకు పంపిన. "మనుషులక్కూడ గిట్లాంటి సైట్ ఉంటే సంబంధాలు చూసుడు అల్కగుండేది బిడ్డా" అన్నడు. అది నాకే తగిలింది అనుకోండి, వదిలేద్దాం.

లఫ్‌బరోల దిగేసరికి పదకొండు నలభై. అమ్మేటాయనకు డెబ్బై దాటినయి. కారు ఆయన భార్యది, ఆమెకు కండ్లు సరిగ్గ కనిపిస్తలేవని నడుపుడు బంద్ చేసిందట. ఆమె కిటికీల నుంచి చూస్తున్నది, బయటికి రాలేదు.

ముందుగాల నేను బాపుకు వీడియో కాల్ చేసిన. మా బాపు వరంగల్ డిపోల మెకానిక్ చేసి రిటైర్ అయిండు. "ఫస్ట్ బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగున్నదా?" అన్నడు. నువ్వొచ్చే ముందు స్టార్ట్ చేసి పెట్టిన్రంటే చల్లటి ఇంజన్ ఎట్ల అందుకుంటదో దాస్తున్నట్టు. చెయ్యి పెట్టిన, మంచులెక్క ఉన్నది. "ఇంజన్ ఆయిల్ మూత తియ్యి. లోపల మీగడ లెక్క తెల్లగ ఏమన్న ఉన్నదా?" లేదు. ఉంటే ఆయిల్ల నీళ్లు కలుస్తున్నట్టు. తరువాత స్టార్ట్ చేయించి, ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టమన్నడు. నేను ఫోన్ పట్టుకొని వంగి నిలబడ్డ. ఆయన హన్మకొండల మంచం మీద కూర్చొని కండ్లు మూసుకున్నడు. ఆ ముసలాయన నా ఫోన్ల మా బాపును చూసి, తను కూడ సప్పుడు చెయ్యకుండ నిలబడ్డడు. ఒక నిమిషం అయినంక బాపు "మంచిగనే ఉన్నది" అన్నడు.

టెస్ట్ డ్రైవ్‌కు మన దగ్గరైతే "అన్నా, కీ ఇయ్యి, ఒక రౌండ్ కొట్టొస్త" అంటం. ఇక్కడ గట్ల కాదు. ఇన్సూరెన్స్ బండికి కాదు, బండి నడిపే మనిషికి. వాళ్ల ఇన్సూరెన్స్ వాళ్లిద్దరికే. అందుకని నేను నిన్ననే ఫోన్ల ఒక్క రోజు ఇన్సూరెన్స్ తీసుకున్న, ఇయ్యాల పన్నెండు నుంచి రేపు పన్నెండు దాంక, 24 పౌండ్లు. అంటే 2,760. కారు కొంటనో లేదో తెల్వకముందే. ఎందుకింత భయమంటే, ఇన్సూరెన్స్ లేకుండ దొరికితే 300 పౌండ్లు ఫైన్, లైసెన్స్ మీద 6 పాయింట్లు. లైసెన్స్ వచ్చిన మొదటి రెండేండ్లల్ల 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతది, మళ్ల మొదటి నుంచి పరీక్షలు రాయాలె. నాకు మార్చిలనే వచ్చింది, అది కూడ రెండో సారికి. మన లైసెన్స్ మీద ఇక్కడ ఒక్క ఏడాదే నడపనిస్తరు, నేను ఆ ఏడాది బస్సులల్ల తిరిగి గడిపేసిన. ఆ బాధ వేరే వీడియో.

ఇప్పుడు అసలు పంచాయితీ. పన్నెండు కొట్టంగనే అమ్మ లైన్లకొచ్చింది. "బిడ్డా, ఇయ్యాల ఆదివారం. నాలుగున్నర నుంచి ఆరు దాంక రాహుకాలం. బండి ముట్టకు."

"ఎవలి టైమ్ ప్రకారం అమ్మా?"

"గోడ మీద క్యాలెండర్ ప్రకారం."

ఎండకాలంల ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతరు, ఆ లెక్కన ఇక్కడికీ మనకూ నాలుగున్నర గంటలు తేడా. నాకు సరిగ్గ పన్నెండైతే హన్మకొండల సరిగ్గ నాలుగున్నర. నా ఇన్సూరెన్సూ, మా అమ్మ రాహుకాలమూ ఒక్క నిమిషానికి మొదలైనయి! అయ్యగారిని అడిగితే మనిషి ఏడుంటే ఆడి గడియారమే లెక్క అన్నడట. ఆ ప్రకారం నాకు రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు. మా అమ్మ రెండూ వదులుకోలే. రెండు రాహుకాలాల నడిమిట్ల, ఒకటిన్నర నుంచి నాలుగున్నర లోపల నేను ఇంట్ల పడాలె. మరి టెస్ట్ డ్రైవ్ ఎట్ల అంటే, కొననంతసేపు అది వాళ్ల బండి, రాహుకాలం కూడ వాళ్లదే అన్నది. పాపం, ఆ ముసలాయనకు ఏం తెల్వది.

నడిపి చూసిన, నచ్చింది. టైరు మీద 50 పౌండ్లు తగ్గిచ్చిండు. 3,150 పౌండ్లు, 3,62,250 రూపాయలు. ఫోన్ల కొట్టిన, ఆయన ఫోన్ అప్పుడే మోగింది.

ఇగ కాగితాలు. ఇది జర వివరంగ చెప్త, ఎందుకంటే మా తమ్ముని దోస్తులు వచ్చే జనవరికి ఇక్కడికి వస్తున్నరు. ఇక్కడ ఆర్సీని లాగ్ బుక్ అంటరు, ఎర్రరంగు కాగితం. ఆయన డైనింగ్ టేబుల్ మీద పెట్టి, దాని మీదున్న 11 అంకెల నంబర్ సైట్ల కొట్టి, నా పేరు, అడ్రస్ ఎక్కిచ్చిండు. నా పేరు స్పెల్లింగ్ మూడు సార్లు అడిగిండు. ఇద్దరికీ ఈమెయిల్ వచ్చింది. తరువాత అదే కాగితం నుంచి ఆకుపచ్చ ముక్క చింపి నాకిచ్చిండు. కొత్త లాగ్ బుక్ పోస్టుల వచ్చేదాంక నా చేతిల ఉండేది ఆ ముక్కనే. ఆఫీసు లేదు, ఏజెంట్ లేడు, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు లేవు. పది నిమిషాలు.

ఇంకోటి, లాగ్ బుక్కుల ఓనర్ అని ఉండది, రిజిస్టర్డ్ కీపర్ అంటరు. ఇది యాజమాన్యానికి రుజువు కాదని ఆ కాగితం మీదనే అచ్చేసి ఉంటది.

"మరి ఓనర్ ఎవలు?" అన్నడు బాపు.

"నేనే బాపు."

"ఏడ రాసున్నది?"

ఏడ లేదు. అందుకని ఆయనతోటి ఒక తెల్ల కాగితం మీద రసీదు రాయించుకున్న, ఇద్దరం సంతకాలు పెట్టినం. అప్పుడు గాని మా బాపు ఊపిరి పీల్చుకోలే.

గొడవ ట్యాక్స్ కాడ వచ్చింది. అద్దం మీద కింద మూలకు గుండ్రటి ప్లాస్టిక్ కవర్ల ఒక కాగితం కనిపిచ్చింది, రంగు వెలిసిపోయి, అంచులకు స్టాంపులెక్క పండ్లు. బాపు వీడియోల చూసి "ఇగో, ట్యాక్స్ ఉన్నది కదా" అన్నడు. జూమ్ చేసి చూస్తే 2015 ఆగస్టుది! 2014 అక్టోబర్ 1 నుంచి ఈ దేశంల ఆ బిళ్లలు బంద్ చేసిన్రు. ఈ కారు అంతకు ముందు నెలనే పుట్టింది కాబట్టి దానికి వచ్చిన మొదటి బిళ్ల, ఆఖరి బిళ్ల అదే. ఆయన భార్య దాన్ని తియ్యనియ్యలేదట.

అప్పటి నుంచే ఇంకో రూల్ కూడ వచ్చింది. బండి చెయ్యి మారంగనే ట్యాక్స్ చచ్చిపోతది. పాతాయనకు మిగిలిన నిండు నెలల పైసలు వాపస్ వస్తయి, కొన్నోళ్లు మళ్ల కొత్తగ కట్టి గాని గేటు దాటొద్దు. ఆ ఆకుపచ్చ ముక్క మీదున్న 12 అంకెల నంబర్‌తోటి ఫోన్ల కట్టిన, ఏడాదికి 35 పౌండ్లు, 4,025 రూపాయలు. ఎక్కువేం కాదు. కాని ఇయ్యాల సెప్టెంబర్ 28. ట్యాక్స్ ఒకటో తారీఖు నుంచి లెక్క. ఉన్న మూడు రోజులకు నేను నెల మొత్తం కట్టాలె. ఆయన కట్టిన సెప్టెంబర్ ఆయనకు వాపస్ రాదు.

"అంటే ఒక్క నెలకు ఇద్దరి తాన తీసుకున్నరా?" బాపు లేచి కూర్చున్నడు. "ఒకటో తారీఖు దాంక ఆగు!" 335 రూపాయల కోసం మళ్ల రైలుకు రెండు వేలు పెట్టుకొని రావాల్నా? దసరాకు ముందే బండి ఇంట్ల ఉండాలని అమ్మ, ఒకటో తారీఖు దాంక ఆగమని బాపు. వాళ్లిద్దరు నన్ను వదిలేసి వాళ్లల్ల వాళ్లే కొట్లాడుకున్నరు. నేను ఆ ఇంటోళ్లు ఇచ్చిన టీ తాగిన, చక్కెర లేదు.

మన దగ్గర బండి కొంటే దాని వెంట అన్ని వస్తయి. లైఫ్ ట్యాక్స్ వస్తది, ఇన్సూరెన్స్ వస్తది, నంబర్ వస్తది, డ్యాష్‌బోర్డు మీద పాత ఓనర్ అతికిచ్చిన దేవుడు కూడ వస్తడు. ఇక్కడ నంబర్ ఒక్కటే వచ్చింది.

మా మారుతి 800 గట్లనే వచ్చింది. నేను ఐదో తరగతి. కరీంనగర్ల ఒక సారు దగ్గర కొన్నం, ఏపీ 15 నంబర్, 85 వేలు. తేవడానికి ఐదుగురం పోయినం. బాపు, చిన్నబాపు, పెట్రోల్ బండ్ల మెకానిక్ ఒకాయన (మా బాపుకు బస్సులే తెలుసని), ఆయన శిష్యుడు, నేను. ఖాళీ ఫారాల మీద సారు సంతకాలు పెట్టిచ్చిండు, మేం జేబుల పెట్టుకొని బయల్దేరినం. హుజూరాబాద్ల ఆగి మిర్చి బజ్జీలు తిన్నం. ఎల్కతుర్తి దాటినంక చిన్నబాపు నడుపుత అన్నడు, లైసెన్స్ ఉన్నదా అని ఎవ్వలు అడగలే. సీదా భద్రకాళి గుడికి పోయి పూజ చేయించి ఇంటికొచ్చినం. పద్నాలుగు రోజులల్ల ఆ సారు ఆర్టీఏకు అమ్మిన సంగతి చెప్పాలె, మేం ముప్పై రోజులల్ల పేరు మార్పించుకోవాలె. మేం ఏడాదిన్నరకు మార్పించినం. పాపం ఆ సారు పండుగ పండుగకు ఫోన్ చేసి, అందరి క్షేమం అడిగి, ఆఖరికి మెల్లగ "పేరు సంగతి ఏమైంది" అనేటాయన.

ఇయ్యాల నేను ఒక్కదాన్నే పోయిన. కాగితాలు మాత్రం పక్కాగున్నయి.

ఒకటిన్నర అయింది. హన్మకొండల ఆరు. ఇంటి ముందుకు పోయి ఎడమ టైరు కింద నిమ్మకాయ పెట్టిన. ఒక్కటే ఉన్నది, ఎందుకంటే ఇక్కడ ఒక్క నిమ్మకాయ 40 పెన్నీలు, 46 రూపాయలు, నాలుగు చక్రాలకు నాలుగు కొనబుద్ధి కాలే. ముసలాయన ఏందని అడిగితే మా దిక్కు ఆచారం అని చెప్పిన. రెండో టైరు దిక్కు చూసిండు. ఏం మాట్లాడకుండ లోపలికి పోయి, వాళ్ల ఫ్రిజ్‌ల నుంచి సగం కోసిన నిమ్మచెక్క తెచ్చి దాని కింద పెట్టిండు. ఫోన్ల మా అమ్మ "కోసింది పనికిరాదు" అన్నది. తెలుగుల అన్నది కాబట్టి సరిపోయింది. రెండూ తొక్కిచ్చుకుంట బయటికి తీసిన. అప్పుడు ఆమె కిటికీల నుంచి చెయ్యి ఊపింది, నాకో కారుకో తెల్వది.

దారి గురించి పెద్దగ ఏం లేదు. ఎం1 అనే హైవే ఎక్కి, లెస్టర్ కాడ ఎం69 హైవే పట్టుకుంటే కోవెంట్రీ. నలభై మైళ్ల లోపలనే, కరీంనగర్ నుంచి హన్మకొండ కంటే తక్కువ. గంటకు 70 మైళ్ల దాంక పోవచ్చు, అంటే 112 కిలోమీటర్లు. నేను 60 దాటలే, లారీల వెనక లారీ లెక్క వచ్చిన. పోలీసు ఎక్కడ ఆపలే, చెయ్యి అడ్డం పెట్టలే. కెమెరాలు నంబర్ చదివి ట్యాక్స్ ఉన్నదా, ఇన్సూరెన్స్ ఉన్నదా అని వాటంతటవే చూసుకుంటయి. ప్రతి కెమెరా కింద నుంచి పోయేటప్పుడు "కట్టిన, కట్టిన" అని అనుకున్న. మా ఇల్లు వాల్స్‌గ్రేవ్ దిక్కు కాబట్టి కోవెంట్రీ రింగ్ రోడ్ ఎక్కే గండం తప్పింది.

రెండు యాభైకి ఇంటి ముందు పెట్టిన, ఇద్దరి రాహుకాలాలకు తగలకుండ. చెప్దామని అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలే. మన దగ్గర ఏడు ఇరవై. రెండు రోజులల్ల సద్దులు కదా, బతుకమ్మ పట్టుకొని పోయినట్టున్నది. మళ్ల చేసిన. ఎత్తలే. కారులనే కూర్చున్న, సీటు ఆ ముసలామె ఎత్తుకు పెట్టి ఉన్నది, ఇంక సరిచేసుకోలే.

వార్షిక ఇన్సూరెన్స్ 1,140 పౌండ్లు చెప్తున్నరు, 1,31,100 రూపాయలు. కారు ధరల మూడో వంతు దాటింది. ఈ సంగతి బాపుకు ఇంక చెప్పలే, వీడియో చూస్తే తెలుస్తది. రేపు పన్నెండు లోపల తీసుకోవాలె, పదకొండుకు అలారం పెట్టిన.

ఇగో, బాపు ఫోన్. "మీ అమ్మ ఫోన్ ఇంట్లనే పెట్టి పోయింది. చేరినవా? బానెట్ లేపు, వేడి మీద సప్పుడు ఎట్లున్నదో ఇనాలె."

ఉండండి, లేపొస్త.